అప్పుకు మొహం, డిపాజిట్‌కు బోర్డు: మన ఊళ్ల సహకార బ్యాంకుల సంగతి

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను, మిగతావాళ్లకూ అర్థమవుతుంది. శ్రీకాకుళం జిల్లా నరసన్నపేటలో మీకు హార్డ్‌వేర్ షాపు ఉంది. ఖాతా ఉన్న పెద్ద బ్యాంకులో మేనేజర్లు మారిపోతున్నారు, వచ్చిన ప్రతి ఒక్కరికీ మీ కథ మొదటి నుంచి చెప్పుకోవాల్సి వస్తోంది, సీసీ లిమిట్ (క్యాష్ క్రెడిట్, అంటే షాపు అవసరానికి తీసుకుంటూ కట్టుకుంటూ ఉండే అప్పు పరిమితి) పెంచమంటే పై ఆఫీసుకు రాశామంటున్నారు. నాన్నగారు టీచరుగా రిటైరయ్యారు, చేతికి 22 లక్షలు వచ్చాయి. ఊళ్లో ఒక సొసైటీ వాళ్లు బ్యాంకు కంటే ఒకటిన్నర శాతం వడ్డీ ఎక్కువ ఇస్తామని ఇంటికొచ్చి మరీ అడుగుతున్నారు. అమెరికాలో ఉన్న మీ బావగారు "ఇక్కడ మేమంతా క్రెడిట్ యూనియన్‌లోనే వేసుకుంటాం, మన దగ్గరా అలాంటివి ఉంటాయి చూడు" అన్నారు. ఏం చేయాలి?

నేను సహకార రంగంలోనే 33 ఏళ్లు పనిచేశాను. మొదట పల్లెటూరి సొసైటీలో ఎరువుల బస్తాలు లెక్కపెట్టే గుమస్తాని, ఆ తర్వాత జిల్లా బ్యాంకులో బ్రాంచి మేనేజరుని. ఈ బ్యాంకుల మీద నాకు కాస్త పక్షపాతం ఉంది, అది ముందే ఒప్పుకుంటున్నాను. అయినా నా సలహా రెండు దారులుగా ఉంటుంది. షాపు అప్పు కోసం ఊరి బ్యాంకుకు తప్పకుండా వెళ్లండి. నాన్నగారి డబ్బు మాత్రం ఊరివాళ్లు కదా అన్న మొహమాటంతో వేయకండి. అప్పు మీ మొహం తెలిసిన చోట తీసుకోవాలి. డిపాజిట్ వేసేటప్పుడు ఎదుటివాడి మొహం చూడకూడదు, గోడ మీద బోర్డు చదవాలి.

బావగారి మాట దగ్గర మొదలుపెడతాను. అమెరికా క్రెడిట్ యూనియన్‌కూ, అంటే సభ్యులే సొంతదారులైన అక్కడి సహకార బ్యాంకుకూ, మన ఊరి సొసైటీకీ వంశం ఒక్కటే. 19వ శతాబ్దంలో జర్మనీలో రైఫైజెన్ అనే ఆయన పల్లె రైతులను కూడగట్టి, ఒకరికొకరు పూచీగా ఉండే పరపతి సంఘాలు, అంటే సభ్యులకు అప్పులిచ్చే సంఘాలు, పెట్టించాడు. మద్రాసు ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారిని ఐరోపాకు పంపి వాటిని చూసి రమ్మంది. ఆయన 1890లలో ఇచ్చిన పెద్ద నివేదిక సారమంతా రెండు ముక్కల్లో ఉంది: రైఫైజెన్‌ను వెతకండి. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. అప్పటికి శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేది, విజయనగరం విశాఖపట్నం జిల్లాలో, అన్నీ మద్రాసు కిందే. అంటే ఈ ఆలోచన మన ప్రాంతానికి అమెరికా నుంచి రావాల్సిన పని లేదు, నూట ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉంది.

తేడా ఎక్కడంటే, అక్కడ క్రెడిట్ యూనియన్ అంటే దాదాపు ప్రతిదానిలోనూ ఒక్కో మనిషికి రెండున్నర లక్షల డాలర్ల దాకా ప్రభుత్వ బీమా ఉంటుంది. బావగారికి ఆ మాట వినగానే ధైర్యం కలగడంలో తప్పు లేదు. ఇక్కడ 'సొసైటీ' అన్న మాటలో ఆ బీమా లేదు. కొన్నిటికి ఉంది, కొన్నిటికి లేదు. పేర్లు మాత్రం అన్నీ ఒకేలా వినిపిస్తాయి. "ఏటండీ, అన్నీ కోపరేటివ్ బేంకులే కదా" అని నా కౌంటరు ముందు నిలబడి అడిగినవాళ్లు ఎంతమందో.

కాదు. మన జిల్లాల్లో సామాన్యుడికి ఎదురయ్యేవి నాలుగైదు రకాలు.

పల్లెల్లో ఎరువులు, విత్తనాలు, పంట రుణాలు ఇచ్చేది ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘం, పీఏసీఎస్. జనం దాన్ని బ్యాంకు అంటారు కానీ అది బ్యాంకు కాదు, చట్టం ప్రకారం బోర్డు మీద ఆ మాట రాసుకోకూడదు కూడా. దానికి డిపాజిట్ బీమా లేదు. మన రాష్ట్రంలో వీటికి 2013లో ఎన్నికలు జరిగాయి. ఆ పాలకవర్గాల గడువు తీరాక ప్రభుత్వం వేసిన కమిటీలే నడుపుతున్నాయి. సభ్యులదే సంఘం అని మేము పాఠాలు చెప్పుకునేవాళ్లం, ఓటు లేని సభ్యుడికి ఆ మాట ఎంతవరకు ఎక్కుతుందో మీరే ఆలోచించండి. రైతుకు పంట రుణం వరకు మాత్రం ఇది మంచి చోటే. 3 లక్షల దాకా 7 శాతం, గడువులోపు కట్టేస్తే కేంద్రం 3 శాతం వెనక్కిస్తుంది కాబట్టి చివరకు 4 శాతమే పడుతుంది. పెద్ద బ్యాంకులోనూ అదే రేటు, కాకపోతే సొసైటీ గుమస్తా మీ చేను గట్టు దాకా తెలిసినవాడు.

దానిపైన జిల్లా కేంద్ర సహకార బ్యాంకు. శ్రీకాకుళానికి ఒకటి, విజయనగరానికి ఒకటి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినా ఈ బ్యాంకులు పాత జిల్లాల లెక్కనే నడుస్తున్నాయి. ఆ పైన రాష్ట్ర స్థాయిలో ఆప్కాబ్, అంటే రాష్ట్ర సహకార బ్యాంకు. జిల్లా బ్యాంకుకు రిజర్వ్ బ్యాంకు లైసెన్సు ఉంటుంది, వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి జాతీయ బ్యాంకు నాబార్డు తనిఖీ ఉంటుంది, డిపాజిట్ బీమా ఉంటుంది. పట్టణాల్లో ఉండే అర్బన్ సహకార బ్యాంకులకూ లైసెన్సు, బీమా రెండూ ఉంటాయి. వీటిలో ఒకే ఊళ్లో ఒకే బ్రాంచితో నడిచేవీ ఉన్నాయి, విశాఖపట్నం కో-ఆపరేటివ్ బ్యాంకులాగా చాలా జిల్లాలకు విస్తరించినవీ ఉన్నాయి.

గ్రామీణ బ్యాంకు సహకార బ్యాంకు కాదు, కానీ మన చిన్న ఊళ్లలో దాని పాత్ర చాలా పెద్దది. పెద్దవాళ్లకు శ్రీ విశాఖ గ్రామీణ బ్యాంకు గుర్తుండే ఉంటుంది, దాని హెడ్డాఫీసు శ్రీకాకుళంలోనే ఉండేది. 2006లో దాన్ని మరో నాలుగింటితో కలిపి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు చేశారు, హెడ్డాఫీసు వరంగల్ వెళ్లింది. 2025 మే 1 నుంచి రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులూ కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి, ఇప్పుడు హెడ్డాఫీసు అమరావతి. ఇందులో కేంద్రానికి 50 శాతం, దాని వెనక ఉండే పెద్ద బ్యాంకుకు (స్పాన్సర్ బ్యాంకు) 35, రాష్ట్రానికి 15 శాతం వాటా. డబ్బు భద్రత వరకు బెంగ అక్కర్లేదు. నాకున్న బాధల్లా, శ్రీకాకుళంలో తీసుకునే నిర్ణయం వరంగల్ మీదుగా అమరావతికి వెళ్లిపోయిందే అని.

ఇక మీ ఇంటికొచ్చిన 'సొసైటీ'. మీరు చెప్పిన వివరాలను బట్టి అది 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరైనది అయి ఉండాలి. మ్యాక్స్ అంటారు. ఆ చట్టం చెడ్డదని నేను అనను. ప్రభుత్వ జోక్యం లేకుండా సభ్యులే సొంతంగా నడుపుకోవాలన్న మంచి ఉద్దేశంతో తెచ్చారు. మన డ్వాక్రా అక్కచెల్లెళ్ల మండల సమాఖ్యలు ఆ చట్టం కిందే ఉన్నాయి. నెలనెలా కలిసి, ఒకరి లెక్క ఒకరు చూసుకునే చోట అది బాగా పనిచేస్తుంది. కానీ అదే చట్టాన్ని పట్టుకుని టౌన్లో ఏసీ ఆఫీసు తెరిచి, ముక్కూ మొహం తెలియని వేల మంది దగ్గర డిపాజిట్లు తీసుకునేవాళ్లూ తయారయ్యారు. వీళ్లకు రిజర్వ్ బ్యాంకు లైసెన్సు లేదు, డిపాజిట్ బీమా లేదు.

దీనికి నా ఇంట్లోనే ఉదాహరణ ఉంది. మా చిన్నక్క పొలం అమ్మిన డబ్బులో 6 లక్షలు ఇలాంటి ఒక సంఘంలో వేసింది. నేను అప్పటికే బ్యాంకు మేనేజర్ని, నాకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని అడిగితే, "వాళ్ల కలెక్షన్ కుర్రాడు మా పక్కింటివాడే కదరా, వాడి ముందు ఎలా కాదంటాను" అంది. రెండేళ్లు ప్రతి నెలా ఒకటో తేదీకి వడ్డీ కవరులో వచ్చింది. తర్వాత ఒక నెల ఆలస్యం, ఆ తర్వాత షట్టరు. కాగితాలు తెప్పించి చూశాను. డిపాజిట్‌తో పాటు వంద రూపాయలు కట్టించుకుని సభ్యత్వ ఫారం మీద సంతకం తీసుకున్నారు. అంటే కాగితం ప్రకారం మా అక్క ఆ సంఘానికి యజమానుల్లో ఒకతి. లెక్కలు చూసుకోవాల్సిన బాధ్యతా ఆవిడదే! రిజిస్ట్రేషన్ నంబరును పెద్ద అక్షరాలతో బోర్డు మీద రాశారు. జనం దాన్ని లైసెన్సు అనుకుంటారు. రిజిస్ట్రేషన్ అంటే సంఘం పుట్టిందని చెప్పే కాగితం. డిపాజిట్లు తీసుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు ఇచ్చేది లైసెన్సు. ఆ పక్కింటి కుర్రాడు ఇప్పటికీ అదే వీధిలో ఉన్నాడు, వాడి తల్లి డబ్బు కూడా అందులోనే పోయింది.

మీ సొసైటీ అలాంటిదే అని నేను చెప్పడం లేదు. లెక్క మాత్రం వేసుకోండి. 22 లక్షల మీద ఒకటిన్నర శాతం అంటే ఏడాదికి 33,000, నెలకు 2,750 రూపాయలు. ఆ 2,750 కోసం 22 లక్షలను బీమా లేని చోట పెట్టమంటున్నారు.

బీమా అన్నాను కదా, అది ఎలా పనిచేస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే బ్యాంకుల్లో పనిచేసేవాళ్లకే ఇది సరిగ్గా తెలియదు. డీఐసీజీసీ అని రిజర్వ్ బ్యాంకుకు చెందిన సంస్థ ఉంది. బ్యాంకు మునిగితే ఒక మనిషికి ఒక బ్యాంకులో 5 లక్షల దాకా అది ఇస్తుంది. 2020 ఫిబ్రవరి 4కు ముందు ఇది లక్షే ఉండేది. ప్రీమియం బ్యాంకే కడుతుంది, మన దగ్గర వసూలు చేయకూడదు. ఆ 5 లక్షల్లో అసలూ వడ్డీ రెండూ కలుస్తాయి. ఒకే బ్యాంకులో నరసన్నపేట బ్రాంచిలో కొంత, టెక్కలి బ్రాంచిలో కొంత వేస్తే రెండూ ఒకే ఖాతా కింద లెక్క. కానీ నాన్నగారి పేరు మీద ఒకటి, అమ్మగారి పేరు మీద ఒకటి, ఇద్దరి పేర్ల మీద జాయింటుగా ఒకటి ఉంటే మూడూ వేర్వేరు, మూడింటికీ విడిగా 5 లక్షల చొప్పున బీమా ఉంటుంది. ఇంకొకటి ఎవరూ చెప్పరు: అదే బ్యాంకులో డిపాజిటరుకు అప్పు ఉంటే దాన్ని మినహాయించుకుని మిగిలినదే ఇస్తారు. అందుకే నాన్నగారి డిపాజిట్ తాకట్టు పెట్టి షాపు అప్పు తీసుకునే ఆలోచన ఉంటే మానుకోండి.

డబ్బు ఎప్పుడొస్తుంది అన్నది రెండో ప్రశ్న. ముంబయిలో పీఎంసీ బ్యాంకు మీద 2019 సెప్టెంబరులో ఆంక్షలు పెట్టినప్పుడు మొదట ఖాతాకు వెయ్యి రూపాయలే తీసుకోనిచ్చారు. కూతురి పెళ్లి డబ్బు, ఆపరేషన్ డబ్బు అందులో చిక్కుకున్నవాళ్లు రోడ్డెక్కారు. ఆ గొడవ తర్వాతే 2021లో చట్టం మార్చారు. ఇప్పుడు ఆంక్షలు పడ్డ బ్యాంకులో బీమా సొమ్మును 90 రోజుల్లో చేతికివ్వాలి. మూడు నెలలు చిన్న కాలమేమీ కాదు, కాబట్టి ఇంటి ఖర్చుల డబ్బు, మందుల డబ్బు వేరే బ్యాంకులో ఉంచుకోండి.

ఇప్పుడు నాన్నగారి 22 లక్షలకు నేనైతే ఏం చేస్తానో చెప్తాను. సహకార బ్యాంకు మనిషినై ఉండి ఇలా చెప్పడం మా పాత కొలీగ్స్‌కు నచ్చకపోవచ్చు, కానీ మొదటి 12 లక్షలు పోస్టాఫీసుకు వెళ్లాలి. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్. అరవై దాటినవాళ్లు 30 లక్షల దాకా వేయొచ్చు, ఐదేళ్ల గడువు, మూడు నెలలకోసారి వడ్డీ ఖాతాలో పడుతుంది. 2023 ఏప్రిల్‌లో రేటు 8.2 శాతం చేశారు. ఆ లెక్కన 12 లక్షలకు మూడు నెలలకు 24,600. వేసే ముందు ఆ త్రైమాసికం రేటు అడగండి, వేశాక మీకు ఐదేళ్లూ అదే రేటు. కేంద్ర ప్రభుత్వం పూచీ, బీమా గొడవే లేదు. ఊరి సహకార బ్యాంకు ఎంత మంచిదైనా దీనితో పోటీ పడలేదు.

మిగిలిన 10 లక్షల్లో 4 గ్రామీణ బ్యాంకులో, 4 జిల్లా సహకార బ్యాంకులోగానీ లైసెన్సున్న అర్బన్ బ్యాంకులోగానీ, 2 లక్షలు ఇప్పుడున్న పెద్ద బ్యాంకు సేవింగ్స్‌లో. ఐదు కాకుండా నాలుగే ఎందుకంటే, 4 లక్షలు 7 శాతం చక్రవడ్డీతో మూడేళ్లకు 4 లక్షల 92 వేలు దాటుతుంది. ఐదు వేస్తే వడ్డీ మొత్తం బీమా బయట పడుతుంది. సీనియర్లకు ఒక బ్యాంకులో ఏడాదికి లక్ష రూపాయల వడ్డీ దాకా టీడీఎస్ (వడ్డీలోంచి బ్యాంకే ముందుగా పట్టుకునే పన్ను) కోయరు, 2025 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి. కాబట్టి ఆ టెన్షన్ కూడా లేదు.

"అంత అనుమానం ఉంటే సహకార బ్యాంకులో ఆ నాలుగు లక్షలు మాత్రం ఎందుకు" అంటారేమో. దానికి జవాబు మీ షాపు అప్పులో ఉంది. దానికి ముందు ఒక సంగతి చెప్పాలి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను ఉద్దానం వైపు ఒక బ్రాంచిలో ఉన్నాను. తెల్లారేసరికి కొబ్బరి చెట్లు వరసగా పడుకుని ఉన్నాయి. జీడితోటలు వేళ్లతో లేచిపోయాయి. కరెంటు లేదు, టవర్లు లేవు, సిస్టమ్ తెరుచుకోదు. మూడో రోజుకు జనం బ్రాంచి ముందు కూర్చున్నారు. బియ్యానికి, పిల్లల పాలకు డబ్బు కావాలి. నేను చేసింది రూల్సు ప్రకారం తప్పు. పాసుబుక్కులో చివరి నిల్వ చూసి, మొహం తెలిసినవాళ్లకు వెయ్యి, రెండు వేలు చొప్పున కాగితం మీద సంతకం పెట్టించుకుని ఇచ్చాను. ఫోను దొరికాక పై ఆఫీసుకు చెప్పి చీవాట్లు తిన్నాను. ఒక్క రూపాయి కూడా తేడా రాలేదు. ఊరి బ్యాంకు అంటే ఇదీ అని ఆ వారం నాకు గర్వంగా అనిపించింది.

ఆ క్యూలోనే ఒక ముసలమ్మ అడిగింది, "మా చెట్లు పడిపోనాయి, బేంకు కూడా పడిపోతాదేటి బాబూ?" నవ్వేశాను గానీ రాత్రి నిద్ర పట్టలేదు. ఆవిడ అడిగింది సరైన ప్రశ్న. ఆ బ్రాంచిలో అప్పులు తీసుకున్నది ఎవరు? కొబ్బరి రైతులు, జీడి రైతులు, వాళ్ల మీద బతికే కిరాణా కొట్లు, ఆటోలు. డిపాజిట్లు ఎవరివి? వాళ్లవే, వాళ్ల బంధువులవే. ఒక్క గాలికి అప్పులు కట్టేవాళ్లందరూ ఆగిపోయారు, అదే రోజు డిపాజిట్లు తీసుకోవడానికి అందరూ వచ్చారు. వరి పోతే వచ్చే ఏడాది వేసుకుంటారు. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఐదారేళ్లు. పంట నష్టం 33 శాతం దాటితే అప్పులను వాయిదా వేసుకోనిచ్చే వెసులుబాటు ఉంది కాబట్టి పుస్తకాల్లో మొండి బకాయిలుగా పడలేదు, అంతే. మేము నిలబడ్డది జిల్లా బ్యాంకు కావడం వల్ల. ఉద్దానంలో చెట్లు పడ్డా వంశధార కింద, పాలకొండ వైపు మా అప్పులు వేరే ఉన్నాయి. ఒక్క ఊళ్లో ఒక్క బ్రాంచితో నడిచే బ్యాంకుకు ఆ వెసులుబాటు ఉండదు. దాని బలం ఊరే, దాని జబ్బూ ఊరే. నెల్లిమర్లలో జూట్ మిల్లు లాకౌట్ పడితే టీకొట్టు దగ్గర్నుంచి ఇంటి అద్దెల దాకా అన్నీ ఒకేసారి ఆగుతాయి. అలాంటి ఊళ్లో ఉన్న బ్యాంకుదీ అదే పరిస్థితి.

ఇక మీ షాపు. ఇక్కడ ఊరి బ్యాంకుకు ఉన్న జ్ఞానం పెద్ద బ్యాంకు కంప్యూటరుకు లేదు. పలాసలో జీడిపిక్కలు మార్చి నుంచి జూన్ దాకా వస్తాయి. ఏడాదంతా ఆడించాల్సిన సరుకు ఆ నాలుగు నెలల్లోనే కొనిపెట్టుకోవాలి. జూన్‌లో సీసీ ఖాతా మొత్తం వాడేసి కనిపిస్తే బయటి నుంచి వచ్చిన మేనేజరు ఖాతా పాడైందని లెటరు రాస్తాడు. స్థానిక మేనేజరుకు అది గోడౌన్ నిండిందన్న గుర్తు. మీ హార్డ్‌వేర్ వ్యాపారమూ అంతే. మన జిల్లా నుంచి హైదరాబాదు, చెన్నై, విశాఖ వెళ్లి కష్టపడేవాళ్లు సంక్రాంతికి వచ్చి ఇల్లు మొదలుపెడతారు, ఎండాకాలం స్లాబు వేస్తారు, వానల్లో పని ఆగుతుంది. మీ సిమెంటు, ఐరను, పైపుల అమ్మకం ఫిబ్రవరి నుంచి మే దాకా. ఆగస్టు స్టేట్‌మెంట్ పట్టుకుని వెళ్తే ఎవరైనా పెదవి విరుస్తారు. మీరు నవంబరులో వెళ్లండి, రెండేళ్ల నెలవారీ అమ్మకాలు జీఎస్టీ రిటర్నుల నుంచి ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి, సీజను లిమిట్ అడగండి. ఈ భాష ఊరి మేనేజరుకు వెంటనే అర్థమవుతుంది.

దానికి ఖరీదు ఉంది. వడ్డీ పెద్ద బ్యాంకు కంటే ఎక్కువ ఉండొచ్చు. అర్బన్ బ్యాంకులో అప్పు తీసుకునేవాళ్లు సభ్యులై షేర్లు కొనాలి. మామూలుగా తాకట్టు ఉన్న అప్పుకు రెండున్నర శాతం, తాకట్టు లేనిదానికి 5 శాతం, మూలధనం బాగున్న బ్యాంకులు దీన్ని సడలించుకోవచ్చు. 10 లక్షల సెక్యూర్డ్ అప్పుకు 25,000 షేరు కింద పట్టుకుంటారు. లాభాలొస్తే డివిడెండ్ ఇస్తారు. కానీ అది డిపాజిట్ కాదు, దానికి బీమా లేదు, అడిగిన రోజు వెనక్కి రాదు. వడ్డీ రేట్లు పోల్చేటప్పుడు ఈ 25,000 కూడా లెక్కలోకి తీసుకోండి. సభ్యులయ్యాక మీకు ఓటు వస్తుంది, ఎన్ని షేర్లున్నా ఒకటే ఓటు. 'నామినల్ మెంబర్' అని రాస్తే ఓటు ఉండదు, సంతకం పెట్టే ముందు ఆ మాట చూసుకోండి.

హామీ సంతకాల సంగతి. ఇద్దరు షూరిటీలు కావాలంటారు. షూరిటీ అంటే మర్యాద సంతకం కాదు, అప్పు తీసుకున్నవాడితో సమానంగా బాధ్యుడు. సహకార బ్యాంకు సివిల్ కోర్టుకు వెళ్లకుండానే సహకార శాఖ ద్వారా అవార్డు, అంటే తీర్పు, తెచ్చుకుని జప్తుకు రాగలదు. నా సర్వీసులో విడిపోయిన స్నేహాల్లో సగం ఈ సంతకాల వల్లే. మీకు సంతకం పెట్టినవాడు రేపు మిమ్మల్ని పెట్టమంటాడు, ఆ లెక్క కూడా ఇప్పుడే వేసుకోండి. 10 లక్షల లోపు అయితే ముందు గ్రామీణ బ్యాంకులో ముద్ర రుణం అడిగి చూడండి, దానికి తాకట్టు అక్కర్లేదు.

అర్బన్ బ్యాంకు బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? అద్దాల తలుపులు చూసి తెలియదు. వార్షిక నివేదిక అడగండి. నికర మొండి బకాయి (వసూలు కాని అప్పుల్లో, వాటి కోసం పక్కన పెట్టిన సొమ్ము పోగా మిగిలింది) 6 శాతం దాటిందా, మూలధన నిష్పత్తి (ఇచ్చిన అప్పులతో పోలిస్తే బ్యాంకు సొంత డబ్బు) ఎంత, పోగుపడ్డ నష్టాలున్నాయా, ఆడిట్‌లో ఏ గ్రేడు వచ్చింది, ఇవి నాలుగూ చాలు. ఆ మూలధన నిష్పత్తి, 100 కోట్ల లోపు డిపాజిట్లున్న చిన్న బ్యాంకుకు కనీసం 9 శాతం, అంతకంటే పెద్దవాటికి మామూలుగా 12 శాతం ఉండాలి. నివేదిక ఇవ్వడానికి నీళ్లు నమిలారంటే లేచి వచ్చేయండి. డైరెక్టర్లకు, వాళ్ల కుటుంబాలకు అర్బన్ బ్యాంకు అప్పులివ్వకూడదన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. అందుకే ఎవరైనా డైరెక్టరు "మీ అప్పు నేను చూసుకుంటాను" అన్నాడంటే నాకు భయం, అలాగే ఇంకెంతమందివి చూసుకున్నాడో అని.

సేవల్లో లోపాలుంటాయి. చిన్న సహకార బ్యాంకులు యూపీఐ, నెఫ్ట్ వంటివి ఇంకో పెద్ద బ్యాంకు ద్వారా నడుపుకుంటాయి, ఒక్కోసారి ఆదివారం సాయంత్రం మీ క్యూఆర్ కోడ్ మొరాయిస్తుంది. షాపు రోజువారీ వసూళ్లకు ఇప్పుడున్న పెద్ద బ్యాంకు ఖాతా మూసేయకండి. డైలీ కలెక్షన్ కుర్రాడికి ఇస్తే ఫోనుకు మెసేజ్ వచ్చేదాకా వాణ్ని కదలనివ్వకండి, వాడు మీ మేనల్లుడైనా సరే.

ఇప్పుడు ఆ నాలుగు లక్షల ప్రశ్న. ఊరి బ్యాంకుకు మీరు ఒట్టి అప్పులవాడిగా వెళ్తే ఒక లెక్క, ఇంట్లో డిపాజిట్ కూడా ఉన్న మనిషిగా వెళ్తే ఇంకో లెక్క. అది ఏ రూల్ బుక్కులోనూ ఉండదు, మేనేజరు కుర్చీలో కూర్చున్నవాణ్ని కాబట్టి చెప్తున్నాను. బీమా పరిధిలో ఉన్నంతవరకు ఆ పరిచయానికి పెట్టే డబ్బు వృథా కాదు.

సొసైటీ వాళ్లు మళ్లీ ఇంటికొస్తే వాదించకండి. "రిజర్వ్ బ్యాంకు లైసెన్సు కాపీ, డిపాజిట్ బీమా ఉన్నట్టు కాగితం తెచ్చివ్వండి, నాన్నగారికి చూపిస్తాను" అనండి చాలు. నాలుగు రోజులు చూడండి. లైసెన్సున్న బ్యాంకు మీద ఫిర్యాదుంటే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి) విధానం గురించి 14448కి ఫోను చేసి తెలుసుకోవచ్చు. అనుమతి లేకుండా డిపాజిట్లు వసూలు చేసేవాళ్ల మీద అయితే రిజర్వ్ బ్యాంకుదే 'సచేత్' పోర్టల్ ఉంది.

అర్బన్ బ్యాంకులో సభ్యులైతే ఈ ఏడాది మహాజన సభకు వెళ్లండి. జనం టీ, బిస్కెట్ ప్యాకెట్ తీసుకుని సంతకం పెట్టి వచ్చేస్తారు. మీరు బ్యాలెన్స్ షీటు కాపీ కూడా అడిగి తెచ్చుకోండి. అర్థం కాకపోతే ఫోటో తీసి నాకు పంపండి, చదివి చెప్తాను.